జార్జి ఈస్ట్‌మన్: చిన్న కెమెరా, పెద్ద వ్యాజ్యము

ఛాయాచిత్రము తీయుట నేడు పసిపిల్లలకు సైతము చేతనైన పని. నూటయేబది సంవత్సరముల క్రిందట అది మిక్కిలి బరువైన విద్య. ఆ విద్య నేర్చినవాడు ఇల్లు విడిచి చిత్రము తీయవలెనన్నచో మూటెడు సామాను వెంటబెట్టుకొని పోవలసివచ్చెడిది. ఆ బరువును దించి, కెమెరాను సామాన్యుని చేతిలో ఇమిడ్చినవారిలో అగ్రగణ్యుడు జార్జి ఈస్ట్‌మన్. అతని పేరు వినగానే కొడక్ అను మాట జ్ఞప్తికి వచ్చును. కాని అతని జీవితమున కెమెరాతోపాటు మరియొక వస్తువు కూడ పెద్ద పాత్ర వహించినది. అదియే పేటెంటు. క్రొత్త వస్తువును కనిపెట్టినవానికి దానిపై కొంతకాలము సర్వహక్కులను ఇచ్చు ప్రభుత్వపత్రమునకు పేటెంటని పేరు. ఆ పత్రములే అతనిని కోటీశ్వరుని చేసినవి. అట్టి పత్రమే ఒకనాడు అతనిని న్యాయస్థానమున ఓడించినది.

బాల్యము

1854వ సంవత్సరము జూలై 12వ తేదీన, న్యూయార్కు రాష్ట్రములోని వాటర్‌విల్ అను చిన్న ఊరిలో జార్జి జన్మించెను. తండ్రి జార్జి వాషింగ్టన్ ఈస్ట్‌మన్ రోచెస్టరు నగరములో వాణిజ్య విద్యాలయము నెలకొల్పినవాడు. తల్లి మరియా కిల్‌బర్న్. జార్జికి ఇద్దరు అక్కలు. 1860లో కుటుంబము రోచెస్టరుకు తరలివచ్చెను. రెండేండ్లు గడవకముందే తండ్రి కన్నుమూసెను. కుటుంబభారమంతయు తల్లిపై పడినది. ఆమె ఇతరులకు తన ఇంట బసయు భోజనమును ఏర్పరచి, వచ్చిన కొద్దిపాటి రాబడితో బిడ్డలను పెంచెను. అక్కలలో ఒకామె పోలియో వాతపడి చక్రముల కుర్చీకే అంకితమై, 1870లో మరణించెను.

తల్లి పడు కష్టమును చూచిన బాలుడు పదుమూడవ యేటనే బడి మానివేసెను. ఒక బీమా కార్యాలయమున వార్తాహరుడుగా చేరెను. వారమునకు మూడు డాలర్ల జీతము. ఆనాటినుండి ప్రతి ఖర్చును చిన్న పుస్తకములో వ్రాసికొనుట అతనికి అలవాటయ్యెను. 1874లో రోచెస్టరు సేవింగ్సు బ్యాంకులో గుమాస్తా పని లభించెను. వారమునకు పదునైదు డాలర్లు. పేదకుటుంబమునకు అది గొప్ప ఊరట. మరియొకడైనచో ఆ కుర్చీలోనే జీవితము వెళ్లబుచ్చెడివాడు.

వంటయింటిలో ప్రయోగశాల

1877లో కరీబియను ప్రాంతపు శాంటో డొమింగోకు విహారయాత్ర పోవలెనని ఈస్ట్‌మన్ తలచెను. యాత్రావిశేషములను చిత్రములుగా భద్రపరచుమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చెను. అందుకు కావలసిన పరికరములన్నియు అతడు కొనెను. కెమెరా ఒక పెద్ద పెట్టె. దానిని నిలుపుటకు బరువైన ముక్కాలిపీట. గాజు పలకలు, రసాయనపు సీసాలు, తొట్లు, నీటికూజా, వీటన్నిటికిని తోడు చీకటిగదివలె పనిచేయు గుడారము. కొలోడియను అను జిగురుద్రవమును పలకపై పూసి, గుడారములో వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి ఆరకముందే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. కటకము ముందరి మూతను చేతితో తొలగించి, క్షణములు లెక్కించి, మరల మూయుటయే వెలుతురును కొలుచు పద్ధతి. ఈ పనులన్నియు నేర్చుకొనుటకు అతడు ఊరిలోని ఒక ఛాయాచిత్రకారునికి ఐదు డాలర్లు చెల్లించెను.

శాంటో డొమింగో యాత్ర సాగలేదు. ఛాయాగ్రహణము మాత్రము అతని మనస్సును పట్టుకొన్నది. 1871లో రిచర్డు లీచ్ మాడక్సు అను ఆంగ్లవైద్యుడు వెండిలవణములను జెలటినులో కలిపి పలకపై పూయవచ్చునని చూపియుండెను. అట్టి పలక ఆరిన తరువాత కూడ పనిచేయును. ఇంగ్లండునుండి వచ్చు ఛాయాగ్రహణ పత్రికలలో ఈస్ట్‌మన్ ఈ సంగతులు చదివెను. పగలు బ్యాంకు లెక్కలు, రాత్రి తల్లి వంటయింటిలో జెలటిను కాచుట అతని దినచర్య యయ్యెను. అలసట మిక్కుటమైన రాత్రులలో బట్టలైన మార్చుకొనక పొయ్యిప్రక్కనే నిద్రించెడివాడు.

పలకలు సిద్ధమైనవి. వాటిపై పూత అంతటను సమానముగా పడుటకు ఒక యంత్రమును కూడ అతడు రూపొందించెను. ఇరువదియైదేండ్లయిన నిండని ఆ గుమాస్తా అప్పుడొక పెద్ద నిర్ణయము చేసెను. 1879లో కూడబెట్టిన సొమ్ముతో ఓడయెక్కి, ఆనాడు ఛాయాగ్రహణ వర్తకమునకు కేంద్రమైన లండనుకు పోయి, ఆ యంత్రమునకు పేటెంటు సంపాదించెను. మరుసటి సంవత్సరము ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము కూడ పేటెంటు నొసగెను. 1881 జనవరి మొదటి తేదీన హెన్రీ స్ట్రాంగు అను వ్యాపారితో కలిసి ఈస్ట్‌మన్ డ్రై ప్లేటు కంపెనీని స్థాపించెను. ఆ సెప్టెంబరులో బ్యాంకుకు రాజీనామా ఇచ్చెను.

తొలిదెబ్బ శీఘ్రముగనే తగిలినది. 1882లో పలకలు వెలుతురును గ్రహించుట మానివేసినవి. దుకాణములనుండి ఫిర్యాదులు వచ్చినవి. ఈస్ట్‌మన్ వాదులాడక, అమ్మిన పలకలను వెనుకకు తీసికొని, మంచి పలకలను బదులిచ్చెను. ఆ నష్టముతో కంపెనీ కుప్పకూలవలసినది. కాని మాట నిలుపుకొన్న వర్తకుడను పేరు మిగిలినది. దోషము తాను కాచిన తీరులో లేదనియు, కొనిన జెలటినులో ఉన్నదనియు తేలెను. ఆవులు మేసిన ఆవజాతి మొక్కలనుండి జెలటినులోనికి చేరు గంధక పదార్థమే పలకకు చురుకుదనము నిచ్చుచున్నదని చాలకాలము తరువాత, 1920వ దశకములో, అతని కంపెనీ శాస్త్రజ్ఞులే కనుగొనిరి.

పరీక్షకుని బల్ల

ఇక్కడ విద్యార్థులు పేటెంటు పరీక్షను గూర్చి కొంత తెలిసికొనుట మంచిది. అమెరికాలో 1836వ సంవత్సరపు చట్టము ప్రకారము ప్రతి దరఖాస్తును పరీక్షకులు పరిశీలించెడివారు. దరఖాస్తులో మూడు భాగములుండును. వస్తువు ఎట్లు పనిచేయునో తెలుపు వివరణ మొదటిది. చిత్రపటములు రెండవది. తనకు దేనిపై హక్కు కావలయునో అంశములవారీగా వ్రాసిన కోరికలు మూడవది. పరీక్షకుడు పాత పేటెంట్లను, పుస్తకములను వెదకి, ఇదివరకే ఉన్నదానిని త్రోసివేయును. దరఖాస్తుదారుడు తన కోరికను సవరించి మరల పంపును. ఆ కాలమున ఇద్దరు ఒకే వస్తువును కోరినచో, ముందుగా కనిపెట్టినవారెవరో తేల్చుటకు ప్రత్యేక విచారణ జరిగెడిది. ఆనాడు పేటెంటు మంజూరైన దినమునుండి పదునేడు సంవత్సరములు అది చెల్లుచుండెను. ఈ చివరి నియమమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు కథకు అదియే కీలకము.

గాజు పలక బరువైనది, పగులునది. దాని బదులు కాగితముపై పూత పూసి చుట్టగా చుట్టవచ్చునని ఈస్ట్‌మన్ యోచించెను. విలియం వాకరు అను కెమెరా నిపుణునితో కలిసి, ఏ కెమెరాకైనను వెనుక అమర్చదగిన చుట్టపెట్టెను తయారుచేసి, 1885లో పేటెంట్లు పొందెను. ఆ మరుసటి సంవత్సరము ఫ్రాంక్లిను కాసిట్‌తో కలిసి ఒక చిన్న పెట్టె కెమెరాకు పేటెంటు తీసికొనెను. పరీక్షకుని బల్లపై నెగ్గిన ఆ కెమెరా అంగడిలో ఓడిపోయినది. చేయుటకు కష్టము, ఖర్చు ఎక్కువ. కొద్దిసంఖ్యలో చేసి, దానిని మానివేసిరి. పేటెంటు వస్తువు క్రొత్తదని మాత్రమే చెప్పును, మంచిదని చెప్పదు. ఈ పాఠము అతనికి బాగుగా వంటబట్టినది.

1888 సెప్టెంబరు 4వ తేదీ ఛాయాగ్రహణ చరిత్రలో ముఖ్యమైన దినము. ఆనాడే అతని క్రొత్త కెమెరాకు 3,88,850వ సంఖ్యగల పేటెంటు మంజూరయ్యెను. ఆనాడే కొడక్ అను వ్యాపారనామము కూడ నమోదయ్యెను. ఆ మాటకు ఏ భాషలోను అర్థము లేదు. క అను ధ్వనితో మొదలై దానితోనే ముగియు పదము కావలెనని అతడు పట్టుబట్టి, అక్షరములను కూర్చి కల్పించిన పేరది. తల్లి పుట్టినింటి పేరు కూడ ఆ అక్షరముతోనే మొదలగుట గమనింపదగినది.

కొడక్ రెండుచేతులతో పట్టుకొనదగిన చిన్న కర్రపెట్టె. పొడవు ఆరున్నర అంగుళములు, ఎత్తు నాలుగు అంగుళములకు తక్కువ. లోపల నూరు చిత్రములకు సరిపడు చుట్ట. కటకమును సవరించు పనిలేదు. గురి చూచుటకు అద్దములేదు. పెట్టెపై గీసిన గీతలే ఆధారము. ఒక త్రాడు లాగినచో లోపలి గుండ్రని తలుపు బిగియును. మీట నొక్కినచో అది గిరుక్కున తిరిగి క్షణకాలము వెలుతురును లోనికి విడుచును. తాళపుచెవివంటి దానిని త్రిప్పినచో చుట్ట ముందుకు జరుగును. కటకపు రంధ్రమునకు తీసి పెట్టదగిన ఉన్నిబిరడా ఒకటి ఉండెడిది. వెలుతురు చాలని చోట ఎక్కువసేపు చిత్రము తీయవలసినప్పుడు ఆ మూతయే పనికివచ్చెడిది.

ఈ వస్తువును పరీక్షకుని కంటితో చూచినచో ఒక సంగతి తేటపడును. పెట్టె పాతది. కటకము పాతది. మూత మరియు పాతది. తడిపలకల కాలమున వెలుతురును ఆపుటకును విడుచుటకును మూతయే సాధనము. చుట్ట పద్ధతికి కూడ పూర్వులు కలరు. డకోటా ప్రాంతపు రైతు డేవిడు హ్యూస్టను 1881లోనే చుట్టకెమెరాకు పేటెంటు పొందియుండెను. ఈస్ట్‌మన్ ఆ హక్కులను తరువాత కొనుక్కొనెను. మరి క్రొత్తదేది? ఈ పాతవస్తువులు ఒక చిన్నపెట్టెలో ఒకదానితోనొకటి అమరిన తీరు, ఆ గుండ్రని తలుపు పనిచేయు విధానము. తీసిపెట్టు మూత చేయుచుండిన పనిని మీటకు అప్పగించుటలోనే ఆ నేర్పు ఇమిడియున్నది.

పేటెంటు పత్రములో లేని మరియొక క్రొత్తదనము కూడ కలదు. వెల ఇరువదియైదు డాలర్లు. చుట్ట పూర్తికాగానే కెమెరాను అట్లే రోచెస్టరుకు పంపవలెను. పది డాలర్లు తీసికొని కంపెనీ చిత్రములను కడిగి, అచ్చువేసి, క్రొత్త చుట్ట నింపి తిరిగి పంపును. మీట నొక్కుట వరకే కొనువాని బాధ్యత, తక్కినదంతయు కంపెనీదే అని ప్రకటనలు చాటినవి. రసాయనములు ఎరుగని గృహిణులు, విద్యార్థులు, యాత్రికులు తొలిసారి ఛాయాచిత్రకారులైరి.

వృద్ధుని దరఖాస్తు

ఆ చుట్ట ఇంకను కాగితమే. దానినుండి చిత్రపుపొరను ఊడదీయుట నేర్పరులకే సాధ్యము. పారదర్శకమై, వంగునట్టి పదార్థము కావలెను. 1886లో ఈస్ట్‌మన్ పనిలో చేర్చుకొనిన యువరసాయనజ్ఞుడు హెన్రీ రైకెన్‌బాక్ దానికై శ్రమించెను. నైట్రోసెల్యులోజును కర్పూరముతోను మరికొన్ని ద్రావకములతోను కలిపి, పొడవైన గాజుబల్లలపై పోసి ఆరనిచ్చి, పలుచని సెల్యులాయిడు ఫిలిమును సాధించెను. 1889 ఏప్రిలులో పంపిన దరఖాస్తుకు ఆ డిసెంబరులోనే పేటెంటు వచ్చెను. ఎడిసన్ ప్రయోగశాల చలనచిత్రముల పరిశోధనకు ఆ సంవత్సరమే ఈ ఫిలిమును తెప్పించుకొనెను.

కాని అంతకు రెండేండ్ల ముందే, 1887 మే 2వ తేదీన, మరియొక దరఖాస్తు పేటెంటు కార్యాలయమునకు చేరియుండెను. దానిని పంపినది న్యూజెర్సీ రాష్ట్రపు న్యూఆర్కు నగరములో చర్చి గురువుగా నుండిన హానిబల్ గుడ్విన్. ఆయనకప్పుడు అరువదియైదేండ్లు. పిల్లలకు బైబిలు కథలను బొమ్మలతో బోధింపవలెనని ఆయన కోరిక. గాజు పగులుచున్నది కావున పగులని పొర కావలెనని ఇంటిలోనే ప్రయోగములు చేసి, నైట్రోసెల్యులోజు ద్రావణమునుండి ఫిలిము చేయు విధానమును కనిపెట్టెను.

రైకెన్‌బాక్ వివరణలో పాళ్లు, ద్రావకములు నిర్దిష్టముగా ఉన్నవి. గుడ్విన్ వివరణ విశాలముగా ఉన్నది. పరీక్షకులు దానిని పలుమారులు త్రోసిపుచ్చిరి. ఆయన పలుమారులు సవరించెను. ఇద్దరి మధ్య ఎవరు ముందు అను విచారణ కూడ నడచెను. ఒక ప్రక్క పెద్ద కంపెనీ, నేర్పరులైన న్యాయవాదులు. మరొక ప్రక్క కొద్దిపాటి సంపాదనతో జీవించు వృద్ధుడు. ఆయన ఓర్పు విడువలేదు. పైఅధికారులకు విన్నవించుకొని, 1898 సెప్టెంబరు 13వ తేదీన పేటెంటు సాధించెను. దరఖాస్తు చేసి పదునొకండేండ్లు దాటినవి.

ఫిలిము తయారుచేయుటకు ఆయన 1900లో కంపెనీ పెట్టెను. వీధిలో జరిగిన ప్రమాదమున గాయపడి, ఆ డిసెంబరు 31న మరణించెను. పేటెంటు హక్కులు ఈస్ట్‌మన్‌కు పోటీదారైన ఆంథొనీ స్కోవిల్ కంపెనీకి చేరినవి. వారు 1902లో దావా వేసిరి. పదునొకండేండ్ల పరీక్ష తరువాత మరియొక పదునొకండేండ్ల వ్యాజ్యము! 1913లో న్యాయమూర్తి జాన్ హేజెలు గుడ్విన్ పక్షమున తీర్పు చెప్పెను. 1914 మార్చిలో పైకోర్టు దానిని ఖాయపరచెను. ఈస్ట్‌మన్ కంపెనీ ఐదు మిలియన్ డాలర్లు, అనగా ఏబది లక్షల డాలర్లు, చెల్లించి రాజీపడినది.

ఇప్పుడు ఆ పదునేడేండ్ల నియమమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. గుడ్విన్ పేటెంటు 1887 తరువాత వెంటనే మంజూరైనచో 1905 ప్రాంతమునకే చెల్లిపోయెడిది. ఆలస్యమైనందున 1915 వరకు నిలిచినది. ఆ నడుమనే చలనచిత్రములు వర్ధిల్లి, ఫిలిము వాడుక వేయింతలు పెరిగినది. ఏ ఆలస్యము వృద్ధుని బ్రదుకును హరించినదో, ఆ ఆలస్యమే ఆయన హక్కు విలువను పెంచినది. ఫలమనుభవించుటకు ఆయన మాత్రము లేడు.

ఈస్ట్‌మన్‌ను దొంగయనుట న్యాయము కాదు. ఇద్దరు వేరువేరు చోట్ల ఒకే దారిలో నడచిరి. ముందుగా చేరినది ఎవరని మాత్రమే న్యాయస్థానము తేల్చినది. కాని ఈస్ట్‌మన్ పేటెంట్లను కోటగోడలవలె వాడుకొనెనను మాట సత్యము. పోటీకంపెనీల పేటెంట్లను కొనుట, కంపెనీలనే కొనుట అతని పద్ధతి. పగటివెలుతురులోనే చుట్టను మార్చు పద్ధతికి హక్కుదారైన బోస్టను కెమెరా కంపెనీని 1895లో అట్లే కొనెను. 1915లో అదే న్యాయమూర్తి హేజెలు, ఈస్ట్‌మన్ కంపెనీ చట్టవిరుద్ధముగా గుత్తాధిపత్యము చేయుచున్నదని తీర్పు చెప్పెను. 1921లో కంపెనీ ప్రభుత్వముతో ఒప్పందమునకు వచ్చి, కొన్ని శాఖలను వదలుకొనుటకు అంగీకరించెను.

సంపాదన, దానము

1900లో ఒక డాలరు వెలకు బ్రౌనీ అను కెమెరా వెలువడినది. ఫ్రాంకు బ్రౌనెల్ దానిని రూపొందించెను. చుట్ట వెల పదునైదు సెంట్లు. బడిపిల్లలు సైతము దానిని కొనగలిగిరి. ధనము వెల్లువగా వచ్చినది. దానితోపాటు దానగుణమును పెరిగినది. 1912లో పనివారికి లాభములలో వంతు నిచ్చు పద్ధతిని అతడు ప్రవేశపెట్టెను. 1919లో తన వాటాలలో మూడవవంతును ఉద్యోగులకు పంచెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థకు స్మిత్ అను మారుపేరుతో కోట్లకొలది డాలర్లు ఇచ్చెను. ఆ స్మిత్ ఎవరో 1920 వరకు లోకమునకు తెలియలేదు. రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు, దాని సంగీత వైద్య కళాశాలలకు, నీగ్రోజాతివారని ఆనాడు పిలువబడిన నల్లజాతివారి విద్యకై వెలసిన టస్కీగీ, హాంప్టను సంస్థలకు విరివిగా దానము చేసెను. పేదపిల్లల దంతవైద్యమునకై రోచెస్టరులోనే గాక లండను, పారిసు, రోము, బ్రస్సెల్సు, స్టాక్‌హోము నగరములలోను చికిత్సాలయములు కట్టించెను. అతని దానముల మొత్తము పదికోట్ల డాలర్లను మించెను. పదుమూడవ యేట బడి మానినవాడు బడులకే ఎక్కువ ఇచ్చెను.

అతడు వివాహమాడలేదు. తల్లియే అతని లోకము. 1907లో ఆమె మరణించినప్పుడు అతడు పసిబాలునివలె విలపించెనందురు. ముసలితనమున వెన్నెముక వ్యాధి అతనిని పట్టి పీడించెను. నడక కష్టమయ్యెను. 1932 మార్చి 14వ తేదీన, డెబ్బదియేడవ యేట, తన ప్రాణమును తానే తీసికొనెను. ఎందరి జీవితములలోనో వెలుతురు నింపినవాని చివరిదినములు అంత చీకటిలో ముగియుట శోచనీయము. అతడు నివసించిన భవనము 1949లో ఛాయాచిత్రముల ప్రదర్శనశాలగా తెరువబడినది.

అతని తరువాతి కథలో ఒక చిత్రము కలదు. 1975లో కొడక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు ఫిలిము లేని కెమెరాను నిర్మించెను. 1978లో దానికి పేటెంటు కూడ లభించెను. కాని ఫిలిము అమ్మకముపై బ్రదుకు కంపెనీ ఆ దారిలో త్వరగా నడువలేకపోయినది. 2012 జనవరిలో దివాలా రక్షణ కోరి, తన డిజిటలు చిత్రముల పేటెంట్లను దాదాపు 52 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్ముకొన్నది. గాజు పలకల వ్యాపారము బాగుగా సాగుచుండగనే దానిని కాదని చుట్టవైపు తిరిగిన సాహసము స్థాపకునిది. ఆ సాహసము వారసత్వముగా రాలేదు.

ఈస్ట్‌మన్ జీవితమున ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపదగిన విషయములు రెండు. వంటయింటి పొయ్యిప్రక్కన మేల్కొని గడపిన రాత్రులు ఒకటి. పేరు దాచుకొని చేసిన దానములు రెండవది. కాని ఆ కథ చెప్పునప్పుడు హానిబల్ గుడ్విన్‌ను మరువరాదు. ఒకే ఫిలిముకు ఇద్దరు తండ్రులు. ఒకని పేరు ప్రపంచమంతట మారుమ్రోగినది. రెండవవాని పేరు ఒక పేటెంటు పత్రముపైనను, ఒక తీర్పులోను మిగిలినది. ఆ రెండు పేర్లను కలిపి చెప్పినప్పుడే ఛాయాచిత్రము పూర్తియగును.